సముద్రం పక్కన చిన్న హోటల్లో ఒక రాత్రి: గుంటూరు, విజయవాడ వాళ్ళకి సమగ్ర మార్గదర్శి

గుంటూరు నుంచి సూర్యలంక దాదాపు 60 కిలోమీటర్లు, విజయవాడ నుంచి బందరు (మచిలీపట్నం) దాదాపు 70. ఇంత దగ్గర కాబట్టే మనలో చాలామంది అక్కడ రాత్రి ఉండరు. పొద్దున బయల్దేరి, రెండు గంటలు నీళ్ళల్లో ఆడి, ఒళ్ళంతా ఇసుకతోనే కారెక్కి సాయంత్రానికి ఇంటికొచ్చేస్తారు. అంటే ఎండ మండిపోయే వేళలో, జనం కిక్కిరిసిన సముద్రాన్ని మాత్రమే చూసి వస్తారన్నమాట. తెల్లవారుజామున ఖాళీ తీరం చూడాలంటే అక్కడే పడుకోవాలి. దానికి పెద్ద రిసార్టు, స్విమ్మింగ్ పూలు అక్కర్లేదు. పక్కనే సముద్రం పెట్టుకుని పూలెందుకో నాకు ఇప్పటికీ అర్థం కాదు. ఎనిమిదో పదో గదులు, తెల్ల సున్నం గోడలు, ఎర్ర గచ్చు, ముందు వసారాలో రెండు పేము కుర్చీలు ఉన్న చిన్న హోటల్ చాలు.

అయితే ఒక మాట. సాదాగా ఉండటం వేరు, అరకొరగా ఉండటం వేరు. టీవీ లేకపోతే సాదా. బకెట్ లేకపోతే అరకొర. ఈ తేడా డబ్బు కట్టకముందే పట్టుకోవడం ఎలాగో చెప్పడానికే ఇదంతా రాస్తున్నాను.

ముందు బీచ్ తేల్చుకోండి

హోటల్ నచ్చిందని బీచ్ ఎంచుకుంటే తర్వాత బాధపడతారు. మనకి అందుబాటులో ఉన్న తీరాలు ఒక్కోటి ఒక్కో రకం.

సూర్యలంక బాపట్ల ఊరికి తొమ్మిది కిలోమీటర్ల దూరం. పర్యాటక శాఖ వాళ్ళ హరిత రిసార్టు ఇక్కడే ఉంది. ఇసుక బాగుంటుంది, తీరం వెడల్పుగా ఉంటుంది. కానీ ఆదివారం వస్తే చుట్టుపక్కల జిల్లాలన్నీ ఇక్కడే దిగుతాయి. ప్రశాంతంగా ఉండాలనుకుంటే సోమవారం నుంచి గురువారం లోపు చూసుకోండి.

చీరాల వైపు వెళ్తే వాడరేవు, రామాపురం. వాడరేవు జాలర్ల తీరం. పడవలు, వలలు, పొద్దున్నే చేపల వేలంపాట. ఆ సందడి నచ్చేవాళ్ళకి బంగారం, చేపల వాసన పడనివాళ్ళకి నరకం. దాని పక్కనే రామాపురం. ఉండటానికి కాటేజీలు, చిన్న హోటళ్ళు వరసగా ఉన్నది ఇక్కడే. నేనైతే వెతకడం ఇక్కడి నుంచే మొదలుపెడతాను.

మంగినపూడి బందరు నుంచి పదకొండు కిలోమీటర్లు. నీళ్ళు లోతు తక్కువ, కింద నల్లమట్టి. బంగారు రంగు ఇసుక ఊహించుకుని వెళ్తే నిరాశే. గదుల కోసం ఎక్కువమంది బందరు ఊళ్ళోనే దిగుతారు కాబట్టి, "బీచ్ హోటల్" అని రాసి ఉన్నది బీచ్ దగ్గరుందో బస్టాండు దగ్గరుందో మ్యాప్‌లో చూసుకోవాలి.

దారుల సంగతి క్లుప్తంగా: గుంటూరు వాళ్ళకి చేబ్రోలు, పొన్నూరు మీదుగా బాపట్ల. విజయవాడ వాళ్ళకి తెనాలి, బాపట్ల, చీరాల మీదుగా చెన్నై వెళ్ళే రైలు మార్గం ఉండనే ఉంది, దిగాక ఆటో. బందరుకి 65వ నంబరు జాతీయ రహదారి. రైలు పట్టుకుంటే మాత్రం స్టేషన్ నుంచి తీసుకెళ్ళే ఆటో నంబరు హోటల్ వాళ్ళనే అడగండి, తెలిసిన వాళ్ళని పంపుతారు.

ఫోటోల్లో ఏం చూడాలి

హోటల్ వాళ్ళు పెట్టిన ఫోటోలు ఒక్కసారి చూసి వదిలేయండి. వైడ్ యాంగిల్‌లో తీస్తే మన వంటగది కూడా కల్యాణ మండపంలా కనిపిస్తుంది. బస చేసినవాళ్ళు పెట్టిన ఫోటోలు, అవి కూడా కొత్తవి ముందు వచ్చేలా పెట్టుకుని చూడండి. సముద్రం పక్కన కట్టడం రెండేళ్ళు పట్టించుకోకపోతే చాలు, ఉప్పుగాలికి గోడ పెచ్చులూడి, ఇనుము తుప్పు పట్టి గుర్తుపట్టలేనట్టు అవుతుంది. మూడేళ్ళ కిందటి ఫోటో ఏమీ చెప్పదు.

బాత్రూం ఫోటో ఒక్కటి కూడా లేకపోతే అనుమానించండి. గదిలో అలంకారం తక్కువగా ఉన్నా, బట్టలు తగిలించుకునే కొక్కేలు, పెట్టె పెట్టుకునే అరుగు, కిటికీకి దోమల జాలీ ఉన్నాయా చూడండి. ఇవన్నీ ఉంటే ఎవరో ఆలోచించి కట్టారని అర్థం. నేను అన్నిటికంటే ముందు వెతికేది గుమ్మం బయట కాళ్ళు కడుక్కునే కుళాయి. అది పెట్టినవాళ్ళు అతిథి ఇసుక కాళ్ళతో తిరిగొస్తాడని ముందే అనుకున్నారు. అలాంటి చోట మిగతావి కూడా బాగుండే అవకాశం ఎక్కువ. ఒకచోట గోడ నిండా ఖరీదైన బొమ్మ వేయించారు, బాత్రూంలో తువ్వాలు తగిలించడానికి మేకు కూడా లేదు. స్నానం చేసినంతసేపూ తువ్వాలు మెడలోనే.

తర్వాత మ్యాప్‌లో శాటిలైట్ చిత్రం తెరిచి, హోటల్ నుంచి అల దాకా దూరం కొలవండి. బాపట్ల, చీరాల తీరంలో చాలాచోట్ల ఊరికీ సముద్రానికీ మధ్య సరుగుడు తోటలు ఉంటాయి. తీర ప్రాంత నిబంధనల వల్ల పక్కా కట్టడాలు ఎలాగూ కొంత వెనక్కే ఉండాలి. కాబట్టి ఐదారు నిమిషాల నడక తప్పు కాదు, సరుగుళ్ళ మధ్య నడక బాగుంటుంది కూడా. ఆ దారి హోటల్‌దేనా, పక్కవాళ్ళ తోటలోంచి వెళ్ళాలా, రాత్రి దీపం ఉంటుందా అన్నదే అసలు ప్రశ్న.

ఫోన్ చేయండి, యాప్‌తో సరిపెట్టుకోవద్దు

చిన్న హోటల్లో ఫోన్ ఎత్తేది ఓనరో, అన్నీ చూసుకునే మనిషో అయి ఉంటారు. ఐదు నిమిషాల మాటల్లో ఆ చోటు సగం అర్థమైపోతుంది. సంభాషణ మామూలుగా ఇలా నడుస్తుంది.

"నమస్తే అండి, వచ్చే మంగళవారానికి ఒక రూము కావాలి. ఇద్దరం పెద్దవాళ్ళం, ఇద్దరు పిల్లలు."

"ఉందండి. సీ వ్యూ రూమే ఇస్తాం సార్."

"కిటికీలోంచి కనపడుతుందా అండి, మేడ ఎక్కితేనా?"

"మేడ మీద నుంచైతే చాలా బాగా కనపడుతుంది సార్."

చూశారుగా. అబద్ధం ఎవరూ చెప్పలేదు, మనం అడగాల్సినట్టు అడగాలంతే.

అన్నిటికంటే ముఖ్యమైన ప్రశ్న కరెంటు గురించి. "జనరేటర్ ఉందా?" అంటే అందరూ ఉందనే అంటారు. "కరెంటు పోతే ఏసీ కూడా నడుస్తుందా, ఫ్యాను లైట్లేనా?" అని అడగండి. మే నెలలో ఈ ఒక్క జవాబు మీదే మీ రాత్రి ఆధారపడి ఉంటుంది. రెండోది నీళ్ళు. తీరంలో చాలా బోర్లలో ఉప్పు నీళ్ళే పడతాయి. సబ్బు నురగ రాదు, తల అట్టకట్టుకుపోతుంది. "స్నానానికి మంచినీళ్ళేనా, బోరు నీళ్ళా?" అని సూటిగా అడిగితే నిజమే చెప్తారు. బోరు నీళ్ళని చెప్పినా కొంప మునగదు, చివర్లో తలమీద పోసుకోడానికి ఒక బకెట్ మంచినీళ్ళు ఇప్పించమని అప్పుడే మాట తీసుకోండి.

మూడోది ఎవరూ అడగరు గానీ నేను తప్పకుండా అడుగుతాను: "ఆ రోజు ఇంకేదైనా గ్రూపు బుక్ చేసుకుందా?" పది గదుల హోటల్లో ఎనిమిది గదులు ఒకే పుట్టినరోజు పార్టీ తీసుకుంటే, అర్ధరాత్రి దాకా డీజే మీ దిండు కిందే మోగుతున్నట్టుంటుంది. పెద్ద రిసార్టులో దూరంగా వేరే గది అడగొచ్చు. ఇక్కడ దూరం అనేదే ఉండదు.

పెద్దవాళ్ళు వస్తుంటే కింది అంతస్తు గది, వెస్టర్న్ టాయిలెట్ అడగండి. కారుకి డ్రైవర్ ఉంటే అతను ఎక్కడ పడుకుంటాడో, భోజనం ఎలాగో కూడా ముందే తేల్చుకోండి. అతన్ని రాత్రంతా దోమల మధ్య కారులో పడుకోబెట్టి, పొద్దున స్టీరింగ్ అతని చేతికే ఇవ్వడం మంచిది కాదు.

ఎప్పుడు వెళ్ళాలి

జనవరి, ఫిబ్రవరి బాగుంటాయి. వేసవిలో గుంటూరు ఎండ భరించలేక వెళ్ళేవాళ్ళు గుర్తుంచుకోవాల్సింది ఏమిటంటే, తీరంలో వేడి కాస్త తగ్గినా ఉక్కపోత పెరుగుతుంది. మధ్యాహ్నం నేల బాగా కాగిన తర్వాత సముద్రం వైపు నుంచి గాలి తిరుగుతుంది, సాయంత్రం దాకా హాయిగా ఉంటుంది. రాత్రికి ఆ గాలి పడిపోతుంది. అందుకని వేసవిలో నాన్ ఏసీ గది తీసుకుంటే ఎదురెదురు కిటికీలు ఉన్నదే తీసుకోండి.

అక్టోబరు నుంచి డిసెంబరు దాకా తుఫాన్ల కాలం. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుఫాను తీరం దాటింది బాపట్ల దగ్గరే. ఈ నెలల్లో బుక్ చేస్తే, నిజాంపట్నం, మచిలీపట్నం రేవుల్లో ప్రమాద హెచ్చరిక ఎగరేసినా, అధికారులు బీచ్ మూసేసినా డబ్బు వెనక్కిస్తారా, తేదీ మారుస్తారా అని అడిగి, ఆ జవాబు వాట్సాప్‌లో రాయించుకోండి. ఫోన్లో "చూద్దాం లెండి సార్" అన్నది లెక్కలోకి రాదు.

కార్తీక మాసంలో సముద్ర స్నానాలకి జనం పోటెత్తుతారు. స్నానం కోసమే వెళ్ళేవాళ్ళకి అదే సమయం. ప్రశాంతత కోసం వెళ్ళేవాళ్ళు కార్తీక పౌర్ణమి దరిదాపులకి కూడా పోవద్దు.

డబ్బు, కాగితాలు

గది అద్దె రోజుకి 7,500 రూపాయల లోపు ఉంటే జీఎస్టీ 5 శాతం. 2025 సెప్టెంబరు 22 నుంచి ఇదే రేటు, అంతకుముందు 12 ఉండేది. అంటే 3,000 రూపాయల గదికి 150. పాత అలవాటుకొద్దీ 12 శాతం వేస్తే బిల్లు చూపించి అడగండి. చెప్పిన అద్దెలో పన్ను కలిసే ఉందో లేదో, టిఫిన్ అందులోనేనో కాదో ముందే తెలుసుకోవాలి.

అడ్వాన్స్ పంపేటప్పుడు కాస్త జాగ్రత్త. గూగుల్‌లో వెతికితే మొదట కనిపించిన నంబరు హోటల్‌దే కానక్కర్లేదు. మ్యాప్‌లో ఉన్న నంబరుకీ, అడ్వాన్స్ అడుగుతున్న నంబరుకీ పొంతన లేకపోతే ఆగండి. యూపీఐలో డబ్బు వెళ్ళేముందు పేరు కనిపిస్తుంది, అది హోటల్ పేరో, మీతో మాట్లాడిన మనిషి పేరో అయి ఉండాలి.

ఆధార్ జిరాక్స్ అడుగుతారు. మొదటి ఎనిమిది అంకెలు కనపడకుండా చివరి నాలుగే చూపించే మాస్క్‌డ్ ఆధార్ డౌన్‌లోడ్ చేసుకుని అదే ఇవ్వండి. ఇంకో విషయం: దగ్గర ఊరి అడ్రసు ఉంటే గది ఇవ్వమనే హోటళ్ళు కొన్ని ఉన్నాయి. అడ్రసులో బాపట్ల, చీరాల పేర్లుంటే ఫోన్లోనే చెప్పేయండి, గుమ్మం దాకా వెళ్ళి వెనక్కి రావడం కంటే నయం.

విజయవాడ లాడ్జీల్లో 24 గంటల లెక్కకి అలవాటు పడినవాళ్ళం మనం. ఈ చిన్న హోటళ్ళలో మామూలుగా టైము కచ్చితంగా ఉంటుంది, మధ్యాహ్నం ఇస్తారు, మర్నాడు పది పదకొండుకి ఖాళీ చేయమంటారు. రాత్రి పదింటికి దిగితే సగం రోజు పోయినట్టే.

తాళం చేతికిచ్చాక మొదటి పది నిమిషాలు

పెట్టెలు విప్పొద్దు. పిల్లల్ని వసారాలో కూర్చోబెట్టి గది చూడండి.

మొదట తలుపు గడియ. ఉప్పుగాలికి తుప్పు పట్టి సగం దాకా వెళ్ళి ఆగిపోతుంటుంది, చేత్తో గుద్దితే గానీ పడదు. లోపలి నుంచి పడిన గడియ మళ్ళీ వస్తుందో లేదో కూడా చూడండి, బాత్రూం గడియ మరీ ముఖ్యం, పిల్లలు లోపల ఇరుక్కుపోతారు. తర్వాత కుళాయి తిప్పి నిమిషం వదిలేయండి. మొదట కాస్త ఎర్రగా వచ్చి తేరుకుంటే పైపు తుప్పే, ఫర్వాలేదు. ఎంతసేపటికీ తేరుకోకపోతే ట్యాంకు సంగతి అడగాలి. ఫ్లష్ నొక్కండి, గీజర్ వేయండి, ఏసీ వేసి చల్లబడుతుందా చూడండి. తడి చేత్తో ఏ స్విచ్చూ ముట్టుకోవద్దు.

దుప్పటి ముట్టుకుంటే చెమ్మగా అనిపించొచ్చు. అది తీరంలో మామూలే. వాసన వస్తే మాత్రం మార్పించండి. పరుపు మూల ఎత్తి కుట్టు వెంట నల్లటి చుక్కలున్నాయేమో చూస్తే నల్లుల సంగతి తెలిసిపోతుంది. కిటికీ జాలీలో వేలు పట్టే రంధ్రం ఒక్కటున్నా రాత్రి నిద్ర ఉండదు, దూది ఉండ పెట్టి మూసేయండి.

ఏదైనా బాగోలేకపోతే అప్పుడే చెప్పండి, గట్టిగా కాదు. "బాబూ, ఈ గడియ పడట్లేదండి, వేరే రూము ఖాళీగా ఉంటే చూపిస్తారా?" అంటే చాలు. ఇక్కడ గది ఊడ్చేదీ, కాఫీ పెట్టేదీ, మోటారు వేసేదీ ఆ ఒకరిద్దరే. వాళ్ళతో మొదటి గంటలో మంచిగా ఉంటే మిగతా రోజంతా మీదే.

తిండి

చిన్న హోటల్ వంటింట్లో సరుకు తలలు లెక్కపెట్టే తెస్తారు. రాత్రి భోజనం మధ్యాహ్నానికే చెప్పాలి, పొద్దుటి టిఫిన్ ముందు రోజు రాత్రే. పిల్లలకి పాలు కావాలంటే అదీ చెప్పాలి. చెప్పకుండా తొమ్మిదింటికి వెళ్ళి అడిగితే ఆమ్లెట్టు, పెరుగన్నంతో సర్దుకోవాల్సిందే.

చేపలు తినేవాళ్ళు మెనూ అడగొద్దు, "ఇవాళ ఏం పడ్డాయి?" అని అడగండి. వంజరం, చందువ, పీతలు, రొయ్యలు, ఏది ఆ పొద్దున వస్తే అది. ధర ప్లేటుకా కిలోకా అన్నది వండకముందే మాట్లాడుకోవాలి, పీతల దగ్గర అందరూ బోల్తా పడేది ఇక్కడే. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు తూర్పు తీరంలో మరపడవల వేట నిషేధం. ఆ 61 రోజులూ పెద్ద చేప దొరికితే అది ఐసులోది కావొచ్చు, చిన్న నాటు పడవల వాళ్ళు తెచ్చిన చిన్న చేపలే మేలు. వాడరేవు దగ్గరుంటే తెల్లవారుజామున పడవలు వచ్చే వేళకి వెళ్ళి మీరే కొని, వండిపెడతారా అని హోటల్ వాళ్ళని అడగొచ్చు. కొందరు వండే కూలి తీసుకుని సంతోషంగా చేస్తారు.

మందు విషయం ఒక్క ముక్క: కుటుంబాలకే ఇచ్చే చోట్ల ఒప్పుకోరు. అడిగి తెలుసుకోండి, దాచిపెట్టి తీసుకెళ్ళొద్దు.

నీళ్ళలోకి దిగేటప్పుడు

ఇక్కడ మాత్రం నింపాదిగా చదవండి. హోటల్లో ఈత కొలనుకి ఉన్నట్టు సముద్రానికి కాపలా ఉండదు. మీ గది ముందున్న తీరంలో మీరు తప్ప మనిషి లేకపోవచ్చు, అందుకోసమే వచ్చారు కూడా.

ఒడ్డున నిలబడి ఐదు నిమిషాలు అలల్ని చూడండి. రెండు పక్కలా అలలు విరిగి తెల్లటి నురగ వస్తూ, మధ్యలో ఒక చోట మాత్రం అల విరగకుండా, నీళ్ళు నిమ్మళంగా, కాస్త ముదురు రంగులో కనిపిస్తే అక్కడ దిగొద్దు. చూడ్డానికి అదే క్షేమంగా అనిపిస్తుంది. నిజానికి ఒడ్డుకొచ్చిన నీళ్ళన్నీ తిరిగి లోపలికి పారే దారి అది, మనిషిని కూడా లాక్కుపోతుంది. దీన్నే రిప్ కరెంట్ అంటారు. పొరపాటున చిక్కుకుంటే ఒడ్డుకి ఎదురీదకండి, ఎంత ఈతగాడైనా అలిసిపోతాడు. ఒడ్డుకి సమాంతరంగా పక్కకి ఈది, లాగుడు తగ్గాక అలలతో పాటు ఒడ్డుకి రావాలి. ఈత రానివాళ్ళు నీళ్ళమీద తేలుతూ చెయ్యెత్తి పిలవాలి. ఒడ్డునున్నవాళ్ళు వెంటనే దూకేయకుండా తాడో, ఖాళీ క్యానో విసరాలి. ఒకరి కోసం దూకి ఇద్దరు పోయిన వార్తలు మనం ఏటా చదువుతూనే ఉన్నాం. 112కి ఫోన్ చేయండి, అంబులెన్స్‌కి 108.

ఈ లాగుళ్ళు ఎప్పుడూ ఒకే చోట ఉండవు. నిన్న బాగున్న చోటు ఇవాళ గుంట పడి ఉండొచ్చు. అందుకే దిగేముందు జాలర్లని అడగాలి: "అన్నా, ఇవాళ ఇటు దిగొచ్చా?" వాళ్ళు వద్దంటే వద్దే. మోకాళ్ళ లోతు దాటొద్దు, చీకటి పడ్డాక అసలు దిగొద్దు, తాగినవాళ్ళని ఒడ్డునే కూర్చోబెట్టాలి.

సూర్యోదయం సంగతి కూడా ఇక్కడే చెప్పేస్తాను. సూర్యలంక, రామాపురం తీరాలు సరిగ్గా తూర్పుకి కాకుండా ఆగ్నేయం వైపు తిరిగి ఉంటాయి. డిసెంబరులో సూర్యుడు ఎడమ చేతి పక్కగా నీళ్ళలోంచే పైకొస్తాడు, ఆరున్నర దాకా తొందర లేదు. మే, జూన్‌లలో ఇంకా ఎడమకి జరిగి ఒడ్డు వెంబడే లేస్తాడు, అదీ ఐదున్నర, ఆరు మధ్యే. ఫోటో కోసం చోటు ముందు రోజు సాయంత్రమే చూసి పెట్టుకోండి.

రాత్రి

డిసెంబరు నుంచి ఏప్రిల్ మధ్య ఈ తీరానికి ఆలివ్ రిడ్లీ తాబేళ్ళు గుడ్లు పెట్టడానికి వస్తాయి. వెలుతురు చూస్తే దారి తప్పుతాయి. సముద్రం వైపు ఉన్న వసారా లైటు ఆర్పేయండి, తాబేలు కనపడితే టార్చి, ఫ్లాష్ వేయకుండా దూరంగా ఉండండి. లైటు ఆర్పితే మీకూ నక్షత్రాలు కనిపిస్తాయి, పురుగులూ తగ్గుతాయి. దోమల బిళ్ళ, టార్చి ఇంటి నుంచే తెచ్చుకోండి. మందుల షాపు, ఏటీఎం కావాలంటే బాపట్ల, చీరాల, బందరు ఊళ్ళలోకే రావాలి కాబట్టి జ్వరం మందు, ఓఆర్ఎస్ పొట్లాలు సంచిలో ఉండాలి.

ఖాళీ చేసేటప్పుడు

తడి బట్టలు ముందు రోజు సాయంత్రమే మంచినీళ్ళలో జాడించి ఆరేస్తే పొద్దుటికి కాస్తయినా ఆరుతాయి. బిల్లులో భోజనాలు, చేపలు, ఎక్స్‌ట్రా పరుపు విడివిడిగా రాయించండి. పని చేసినవాళ్ళకి ఇవ్వదలుచుకున్నది వాళ్ళ చేతికే ఇవ్వండి. చీరాల వైపు ఉంటే పక్కనే వేటపాలెం, జీడిపప్పు కొనుక్కోవచ్చు. 1918 నాటి సారస్వత నికేతనం గ్రంథాలయం కూడా ఆ ఊళ్ళోనే.

ఇంటికి రాగానే కారు కింది భాగం, బండి చైను మంచినీళ్ళతో కడిగించండి, ఉప్పు ఊరుకోదు. ఆ తర్వాత హోటల్‌కి రివ్యూ రాసేటప్పుడు "సూపర్ ప్లేస్" అని వదిలేయొద్దు. కరెంటు పోతే ఏసీ నడిచిందా, కుళాయిలో ఏ నీళ్ళు వచ్చాయి, అల దాకా ఎన్ని నిమిషాలు నడిచారు, ఈ మూడూ రాసి, ఒక బాత్రూం ఫోటో పెట్టండి.